మెడ దెబ్బ తగిలినవారికి శ్వాసనరంలో ఎలక్ట్రోడు: అప్పు చేసైనా పెట్టించాలా?

చీమకుర్తి సభ్యుడు:
గ్రానైటు క్వారీలో పైనుంచి పడి మెడలో వెన్నుపాము దెబ్బతిన్న మా బావమరిదికి ఇంట్లోనే వెంటిలేటరు నడుస్తోంది. కరెంటు పోతే ఇన్వర్టరే దిక్కు. శ్వాసనరానికి ఎలక్ట్రోడు అమరిస్తే వెంటిలేటరు అవసరం తప్పుతుందని విన్నాము. అప్పు చేసైనా పెట్టించాలని నేను, వద్దని మా మామగారు. మీరేమంటారు?

నెల్లూరు ఫిజియోథెరపిస్టు:
అప్పు మాట తరువాత చూడవచ్చు, ముందు ఆ నరం పనిచేస్తోందో లేదో తేల్చుకోండి. ఊపిరితిత్తుల కింద ఉండి శ్వాసను నడిపే కండరమైన ఉదరవితానాన్ని, అంటే డయాఫ్రాన్ని, కదిలించే ఫ్రెనిక్ నరం (మీరన్న శ్వాసనరం ఇదే) మెడలోని 3, 4, 5 నరాల మూలాల నుంచి వస్తుంది. దెబ్బ అంతకంటే పైన తగిలితే మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ మాత్రమే తెగి, నరం నిక్షేపంగా మిగిలి ఉండవచ్చు. అటువంటివారికే ఈ చికిత్స. ఆ మూలాలే నలిగిపోతే ఎంత ఖరీదైన పరికరమూ పనికిరాదు. మెడ దగ్గర నరానికి కొద్దిపాటి విద్యుత్తు ఇచ్చి, డయాఫ్రం కదులుతోందో లేదో చూసే పరీక్షతో ఈ సంగతి చాలావరకు తెలుస్తుంది. ఆ పరీక్ష చేయకుండానే శస్త్రచికిత్సకు తేదీ ఇచ్చేవారుంటే, వారి దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

కావలి సభ్యుడు:
నాకు ఈ పద్ధతిపైనే నమ్మకం లేదు. బ్రిటన్‌లో ఏ.ఎల్.ఎస్. అనే నరాల జబ్బు ఉన్న రోగులపై జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, డయాఫ్రానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చినవారి మధ్యస్థ జీవితకాలం 11 నెలలు కాగా, ఆ పరికరం లేకుండా మాస్కుతో శ్వాస సాయం పొందినవారిది 22.5 నెలలు. మేలు చేయకపోగా కీడు చేసిందనే కదా దీని అర్థం? మామగారి మాటే వినండి.

నెల్లూరు ఫిజియోథెరపిస్టు:
అంకెలు సరైనవే, అన్వయం సరికాదు. ఏ.ఎల్.ఎస్.లో డయాఫ్రాన్ని నడిపే నాడీకణాలే క్రమంగా నశిస్తాయి; మెడ పైభాగంలో గాయమైనవారిలో అవి మిగిలే అవకాశం ఉంది. ఈ రెండవ వర్గానికి ఫ్రెనిక్ నరం పద్ధతి కొత్తదేమీ కాదు, యేల్ విశ్వవిద్యాలయంలో విలియం గ్లెన్ బృందం 1960లలోనే దీనిని అభివృద్ధి చేసింది. మెడ గాయంతో వెంటిలేటరుపై బతికిన అమెరికన్ నటుడు క్రిస్టఫర్ రీవ్‌కు 2003లో డయాఫ్రం కండరంలోనే ఎలక్ట్రోడ్లు పెట్టారు.

అయితే చీమకుర్తి మిత్రులు ఆశించినంత విముక్తీ ఉండదు. వాడకలేక చిక్కిపోయిన కండరాన్ని మొదట కొద్దికొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, వారాల తరబడి అలవాటు చేయాలి. నిద్రలో పై శ్వాసమార్గం మూసుకుపోయే ప్రమాదం ఉన్నందున చాలామందికి వెంటిలేటరు గొట్టం కోసం గొంతు దగ్గర చేసిన రంధ్రం అలాగే ఉంచుతారు. పరికరం మొరాయిస్తే వాడడానికి వెంటిలేటరు ఇంట్లో ఉండవలసిందే, కనుక ఇన్వర్టరును అమ్మకండి.

చీమకుర్తి సభ్యుడు:
మా బావమరిది దెబ్బ మెడలో రెండో ఎముక దగ్గరని స్కానింగు రిపోర్టులో ఉంది. నరం పరీక్ష మాత్రం ఇంతవరకు ఎవరూ చేయలేదు. ముందు అది చేయిస్తాము. అప్పటిదాకా అప్పు ఊసెత్తనని మామగారికి చెప్పాను.