బాగ్దాద్ పతనం: వజీరు ద్రోహమా, ఖలీఫా చేతగానితనమా?

పాతకోట:
1258లో మంగోలు నాయకుడు హులగు ఖాన్ చేతికి బాగ్దాద్ చిక్కడానికి వజీరు ఇబ్న్ అల్ అల్కమీయే కారణమని నేను నమ్ముతున్నా. ఆయన షియా, ఖలీఫా సున్నీ. 1256లో ఖలీఫా కొడుకు మనుషులు బాగ్దాద్‌లోని కర్ఖ్ పేటలో షియాల ఇళ్లు దోచారు. ఆ కసితోనే సైన్యాన్ని తగ్గించి, మంగోలులకు రహస్యంగా ఉత్తరాలు రాశాడని చరిత్రకారుడు ఇబ్న్ కసీర్ అంటాడు. నగరం పడ్డాక కూడా ఆయన పదవి ఆయనకే ఉంది. ఇంకేం కావాలి?

నదిగట్టు:
పాతకోట గారూ, ఇబ్న్ కసీర్ 14వ శతాబ్దం మనిషి. అప్పటికి ఈ కథకు బాగా రంగులు పడ్డాయి. జనవరిలో జరిగిన పోరు చూడండి. ఖలీఫా సేన టైగ్రిస్ దాటి పడమటి ఒడ్డున మంగోలులను ఎదుర్కొంది, వాళ్లు వెనక్కి తగ్గారు కూడా. ఆ రాత్రే మంగోలులు కాలువ గట్లు తెంచారు. తెల్లారేసరికి వెనక నీళ్లు, ముందు శత్రువు. చాలామంది మునిగి చచ్చారు, సేనాని దవాత్‌దార్ కొద్దిమందితో నగరంలోకి పారిపోయి వచ్చాడు. ఆయన వజీరుకు బద్ధశత్రువు! ఇందులో వజీరు చెయ్యెక్కడుంది?

మూడోబెంచీ:
జీతాల సంగతి మర్చిపోతున్నారు. ఖలీఫా ముస్తాసిం సిపాయిలకు డబ్బివ్వడానికి చేతులు రాని మనిషి. హులగుకు కానుకలు పంపి శాంతింపజేద్దామని వజీరు అంటే, దవాత్‌దార్ వర్గం అడ్డుపడిందని చరిత్రకారుడు రషీదుద్దీన్ రాశాడు.

పాతకోట:
బ్రదర్, రషీదుద్దీన్ మంగోలు కొలువులో వజీరుగా చేసినవాడు, వాళ్ల ఉప్పు తిన్నవాడు. ఆయన మాట చెల్లుతుంది, ఇబ్న్ కసీర్ మాట చెల్లదా?

నదిగట్టు:
న్యాయమే, ఇద్దర్నీ పక్కన పెడదాం. ముట్టడి మొదలైంది జనవరి 29న. దగ్గర్లో రాళ్లు దొరక్క కొండల నుంచి మోయించారు, ఖర్జూరపు చెట్లు నరికి ఆ దుంగల్నే యంత్రాలతో విసిరారు. అజమీ బురుజు కూలింది, గోడ మీదికి ఎక్కేశారు. ఫిబ్రవరి 10న ఖలీఫా బయటికొచ్చాడు. రెండు వారాలైనా పట్టలేదు. లోపల తలుపు తీసే మనిషే ఉంటే దుంగలు నరికే పనేముంది?

పాతకోట:
సరే, పదవి సంగతో? ఖలీఫాను చంపారు, దవాత్‌దార్‌ను చంపారు. ఈయనొక్కడికే ఎందుకా మర్యాద?

మూడోబెంచీ:
ఒక్కడికే కాదండీ. ఖలీఫా దగ్గర సాహిబ్ దీవాన్‌గా, అంటే ఖజానా లెక్కలు చూసే అధికారిగా చేసిన ఫఖ్రుద్దీన్ దామగానీని కూడా ఉంచారు. పన్నుల లెక్కలు తెలిసినవాళ్లు కావాలి కదా. మరి ఆయనా ద్రోహేనా?