ఎల్‌ఎన్‌జీ ప్లాంట్‌లో జేటీ వాల్వ్ బదులు టర్బైన్: ఆ కరెంటు ఏ మూలకి?

కాకినాడ_పెట్రో:
అందరికీ నమస్కారం. నేను పెట్రోకెమికల్ ఫైనల్ ఇయర్. సెమినార్‌కి ఈ టాపిక్ పడింది. గ్యాస్‌ని చల్లబరిచి ద్రవం చేసే మెయిన్ ఎక్స్‌ఛేంజర్‌లోంచి వచ్చే ఎల్‌ఎన్‌జీ (ద్రవ సహజ వాయువు) 40, 50 బార్ల మీద ఉంటుందట, ట్యాంకుకి పంపే ముందు దాన్ని దాదాపు వాతావరణ పీడనానికి దించాలట. మామూలుగా జేటీ (జూల్-థామ్సన్) వాల్వ్‌తో, అంటే ద్రవాన్ని ఇరుకు సందులోంచి పంపి ప్రెషర్ పడేసే వాల్వ్‌తో దించేది, ఇప్పుడు టర్బైన్ పెట్టి కరెంటు తీస్తున్నారని చదివాను. నా డౌట్: ఆ ప్రెషర్ కోసం ఎక్కడో కరెంటు ఖర్చు పెట్టే ఉంటాం కదా? ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకున్నట్టు కాదా? పైగా జనరేటర్‌ని ఎల్‌ఎన్‌జీలోనే ముంచుతారట. మంట రాదా? సార్ సరిగ్గా ఇదే పట్టుకుంటారని టెన్షన్‌గా ఉంది.

రొటేటింగ్_మామ:
తమ్ముడూ, ముందు లెక్క వేసుకుని వెళ్లు, తర్వాత ఎవరేం అడిగినా భయం ఉండదు. ఏడాదికి 50 లక్షల టన్నుల ట్రెయిన్ (గ్యాస్‌ని ద్రవం చేసే ఒక పూర్తి లైన్) అనుకో. షట్‌డౌన్ రోజులు తీసేస్తే గంటకు సుమారు 610 టన్నులు. ఘనపు మీటరుకి 450 కిలోలు వేసుకుంటే సెకనుకి 0.38 ఘనపు మీటర్లు. 40 బార్లు దించితే 1.5 మెగావాట్లు, అందులో 80 శాతం చిక్కినా 1.2 మెగావాట్లు. అదే ట్రెయిన్‌లో రిఫ్రిజరేషన్ కంప్రెసర్లు నూరు మెగావాట్లకు పైనే మింగుతాయి. కాబట్టి కేవలం కరెంటు కోసమైతే ఈ తలనొప్పి ఎవరూ నెత్తికెత్తుకోరు.

అసలు లాభం ద్రవంలో ఉంది. జేటీ వాల్వ్‌లో ప్రెషర్ పడిపోతుంది గానీ శక్తి బయటికి పోదు, ఎంథాల్పీ (ద్రవంలోని మొత్తం ఉష్ణశక్తి లెక్క) అలాగే ఉంటుంది. అది ద్రవాన్నే వేడెక్కించి కొంత గ్యాస్‌గా మారుస్తుంది. టర్బైన్ పెడితే ఆ శక్తి షాఫ్ట్ మీదుగా, కేబుల్ మీదుగా బయటికి పోతుంది. కిలోకి 7 కిలోజౌళ్లు, అంటే ఎల్‌ఎన్‌జీ 2 డిగ్రీలు చల్లగా వస్తుంది. ఇంతేనా అనకు. మీథేన్ గుప్తోష్ణం కిలోకి 510 కిలోజౌళ్లు. 1.2 మెగావాట్లను దాంతో భాగించు. గంటకు 8 టన్నులకు పైగా ఫ్లాష్ గ్యాస్ (ప్రెషర్ దించినప్పుడు ఆవిరయ్యే భాగం) తగ్గుతుంది. మొత్తంలో 1.4 శాతం. మైనస్ 160 దగ్గర ఆ చల్లదనాన్ని కంప్రెసర్‌తో తేవాలంటే దానికి మూడు నాలుగు రెట్ల పవర్ కావాలి.

ఇక్కడో మెలిక ఉంది, పుస్తకాల్లో దీన్ని పైపైన దాటేస్తారు. ఫ్లాష్ గ్యాస్ వృథా పోదు, గ్యాస్ టర్బైన్లకు ఇంధనంగా వెళ్తుంది. అది తగ్గితే ఫ్యూయల్ కొరత. అందుకని ఎక్స్‌ఛేంజర్ అవుట్‌లెట్‌ని కాస్త వెచ్చగా వదిలి, మిగిలిన చల్లదనంతో ఫీడ్ (లోపలికి పంపే గ్యాస్) పెంచుకుంటారు. లాభం చివరికి టన్నుల్లోనే కనిపిస్తుంది.

ఇక నీ మొదటి ప్రశ్న. సగం నిజమే. కానీ గ్యాస్ చాలావరకు బావిలోంచే ప్రెషర్‌తో వస్తుంది. పైగా ఎక్కువ ప్రెషర్‌లో ద్రవీకరిస్తే రిఫ్రిజరేషన్ పని తగ్గుతుంది కాబట్టి కావాలనే అలా ఉంచుతారు. పని అయ్యాక మిగిలిన ప్రెషర్‌ని వాల్వ్‌లో తగలెయ్యడం ఎందుకు అన్నదే ప్రశ్న. మిక్స్‌డ్ రిఫ్రిజరెంట్ (గ్యాస్‌ని చల్లబరిచే మిశ్రమం) ద్రవం ప్రెషర్ దిగే చోట కూడా ఇలాంటి టర్బైన్లే పెడతారు.

హెచ్‌టీ_బ్రేకర్:
మంట సంగతి నేను చెప్తా. మంటకి ఆక్సిజన్ కావాలి, నిండా ఎల్‌ఎన్‌జీ ఉన్న పాత్రలో అది ఎక్కడుంది? ఎల్‌ఎన్‌జీ కరెంటుకి మంచి ఇన్సులేటర్ కూడా. వైండింగ్‌కి కూలింగ్ అదే, బేరింగులకు లూబ్రికేషన్ అదే. షాఫ్ట్ బయటికి రాదు కాబట్టి సీల్ లీకేజీ బాధ లేదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది కేబుల్ బయటికొచ్చే చోట. పై ప్లేట్ మీద డబుల్ సీల్, మధ్యలో నైట్రోజన్ పర్జ్ (గ్యాస్ చేరకుండా నైట్రోజన్ నింపి ఉంచడం). రౌండ్స్‌లో నేను ముందు చూసేది ఆ నైట్రోజన్ ప్రెషర్ గేజే. చుట్టూ మంచు పేరుకున్నా దాని అద్దం మాత్రం తుడిచి చూడాలి.

ఇంకోటి, అది ఇండక్షన్ జనరేటర్. 50 హెర్ట్జ్, రెండు పోల్స్ అయితే 3000 ఆర్‌పీఎం కంటే కొంచెం పైన తిరుగుతుంది. గ్రిడ్ నుంచి మ్యాగ్నెటైజింగ్ కరెంట్ తీసుకుంటుంది, బ్లాకౌట్‌లో ఒంటరిగా పనికిరాదు. బ్రేకర్ ఓపెన్ అయిందా, లోడ్ పోయి రోటర్ స్పీడ్ ఎగబాకుతుంది. వెంటనే ఇన్‌లెట్ వాల్వ్ మూసుకుని జేటీ తెరుచుకోవాలి.

నైట్_షిఫ్ట్:
అందుకే జేటీ వాల్వ్‌ని ఎక్కడా పీకెయ్యరు. పక్కనే బైపాస్‌గా ఉంటుంది. నేను ఇంతకు ముందు చేసిన ఒక చోట టర్బైన్ పాడై స్పేర్ కోసం నెలల తరబడి ఖాళీగా పడి ఉంది. ప్రొడక్షన్ ఆగలేదు కాబట్టి పైవాళ్లకి చీమకుట్టినట్టు కూడా లేదు. పానెల్ మీద మాకు మాత్రం తెలిసేది: రండౌన్ (ట్యాంకుకి వెళ్లే ఎల్‌ఎన్‌జీ) టెంపరేచర్ పైకి, ఫ్లాష్ గ్యాస్‌ని నొక్కే ఎండ్ ఫ్లాష్ కంప్రెసర్ మీద లోడ్ పైకి. 1.4 శాతం కాగితం మీద బాగానే ఉంటుంది మామా, మెషీన్ నడిస్తేనే కదా.

రొటేటింగ్_మామ:
ఒప్పుకుంటా. స్పేర్ రోటర్ కొనకుండా టర్బైన్ పెట్టడం నా దృష్టిలో సగం పనే. అమెరికాలో నెవడాలోని స్పార్క్స్‌లో, ఈ టర్బైన్లు చేసే ఎబారా కంపెనీ వాళ్లు మెషీన్‌ని నిజమైన క్రయోజెనిక్ ద్రవంలో తిప్పి చూసి పంపేవాళ్లు. నీళ్లలో టెస్ట్ చేస్తే ఆ చలికి క్లియరెన్సులు (తిరిగే, తిరగని భాగాల మధ్య సందులు) ఎలా ఉంటాయో తెలియదు. తమ్ముడూ, సెమినార్‌లో ఇదీ చెప్పు: మామూలు టర్బైన్‌లో ద్రవం ఆవిరి కాకూడదు, అందుకే చివరి కొన్ని బార్లు దాని తర్వాత ఉండే వాల్వ్‌కే వదులుతారు. లోపలే ఆవిరయ్యేందుకు వీలున్న టూ-ఫేజ్ రకం పోలండ్‌లో ఒడొలానువ్ ప్లాంట్‌లో నడిచింది.

కాకినాడ_పెట్రో:
చాలా థ్యాంక్స్ అందరికీ. చివరిగా ఒకటి. మన దేశంలో టెర్మినల్స్ అన్నీ తెచ్చిన ఎల్‌ఎన్‌జీని గ్యాస్ చేసేవే కదా. మధ్యప్రదేశ్‌లోని విజయ్‌పూర్‌లో ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ పెట్టిన చిన్న ద్రవీకరణ ప్లాంట్ లాంటి దాంట్లో ఇది పెట్టొచ్చా?

రొటేటింగ్_మామ:
రోజుకు 36 టన్నులు అనుకో, అదే 40 బార్లు. మళ్లీ లెక్క వెయ్యి, 3 కిలోవాట్లు వస్తుంది. 5 హెచ్‌పీ బోరు మోటారు కూడా తిరగదు. అక్కడ జేటీ వాల్వే సరి.