అయ్యప్ప మాలలో ఉన్నన్నాళ్లూ బాగుండే నాన్న, మాల తీయగానే ఎందుకు మారిపోతున్నారు?

గట్టుమీద_ఇల్లు:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 56 ఏళ్లు, లారీ ఆఫీసులో పని. ఏడాది పొడుగునా తాగుతారు. రోజూ కాకపోయినా వారంలో నాలుగు రోజులు ఖాయం. కార్తీకంలో మాల వేసుకున్నారంటే మాత్రం ఆ 41 రోజులూ చుక్క ముట్టరు. తెల్లారి నాలుగున్నరకి చన్నీళ్ల స్నానం, పీఠం దగ్గర దీపం, మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం, చాప మీద పడక. మేమంతా స్వామీ అనే పిలుస్తాం, ఆయన కూడా అమ్మ మీద గొంతు పెంచరు. మా ఇల్లు ఇల్లులా ఉండేది ఆ నెలన్నరే. మాల తీసిన వారంలోపే మళ్లీ మొదలు. ఏడేళ్లుగా ఇదే వరస. దీక్షకి అంత శక్తి ఉంటే అది మిగతా రోజుల్లో ఎటు పోతోంది?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఈసారి మాల వేసి పదకొండు రోజులైంది. నిన్న పీఠం చుట్టూ తుడుస్తుంటే గుడ్డ కింద బీపీ మాత్రల షీటు కనిపించింది, ఒక్కటి కూడా తీయలేదు. అడిగితే "దీక్షలో మందులేంటమ్మా, స్వామే చూసుకుంటాడు" అన్నారు. గట్టిగా మాట్లాడదామంటే దీక్షలో ఉన్నవాళ్లకి కోపం తెప్పించకూడదని అమ్మ నన్నే ఆపుతోంది. ఏం చేయను?

తెల్లకోటు_అక్క:
పన్నెండేళ్లుగా ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని, ప్రతి సీజన్లో ఈ మాట వింటూనే ఉంటాను. ముందు మాత్రల సంగతి చూడమ్మా, మిగతావి తర్వాత. కొన్ని రకాల బీపీ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే బీపీ మునుపటికంటే పైకి ఎగబాకుతుంది, అదీ లోపల ఏమీ తెలియకుండానే. పైగా పంబ నుంచి సన్నిధానానికి దాదాపు 5 కిలోమీటర్లు ఎక్కాలి, నీలిమల, అప్పాచిమేడు దగ్గర ఎంత నిటారుగా ఉంటుందో ఎక్కినవాళ్లకి తెలుసు. ఆ దారిలో గుండె కోసమే అత్యవసర వైద్య కేంద్రాలు పెట్టారంటే ఊరికే పెట్టలేదు కదా. ఇరుముడి కట్టుకునేలోపు ఒకసారి బీపీ, షుగరు, ఈసీజీ చూపించండి. షుగర్ ఉంటే చెప్పుల్లేకుండా నడిచే కాళ్లని రోజూ రాత్రి లైటు కింద చూడాలి, స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా తెలియదు. మాత్ర మింగితే దీక్ష చెడిపోతుందని ఏ గురుస్వామీ చెప్పగా నేను వినలేదు.

మూడోనాటి_రాత్రి:
నేను తాగినవాణ్ని కాబట్టి చెప్తున్నా, అమ్మా. మీ నాన్నగారి అదృష్టం, మానినప్పుడు ఏమీ కాలేదు. నాది రోజూ పొద్దున్నుంచే మొదలయ్యే తాగుడు. మాల వేసుకున్న రోజే పూర్తిగా ఆపేశా. మర్నాడు చేతులు వణికి హారతి పళ్లెం పట్టుకోలేకపోయా, కర్పూరం కింద పడింది. మూడో రాత్రి గోడ నిండా చీమలు పాకుతున్నట్టు కనిపించి, కేకలు పెట్టి, ఆ తర్వాత ఫిట్స్. నియమం ఏదో తప్పాను, అందుకే స్వామి శిక్షించాడు అన్నారు చుట్టాలు. మా గురుస్వామి ఒక్కడే ఎవరి మాటా వినకుండా ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బాగా అలవాటుపడ్డ ఒంటికి మందు ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో ఇలా వస్తుందట, ప్రాణం కూడా పోవచ్చట. అందుకే రోజూ తాగేవాళ్లు ఎవరైనా మాల వేసుకుందామనుకుంటే ముందు డాక్టరుతో మాట్లాడండి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. నన్ను ఆపింది దేవుడి భయం ఒక్కటే కాదు. దీక్షలో ప్రతి గంటకీ ఒక పని ఉంటుంది, సాయంత్రం ఆరింటికి వైన్ షాపుకి పోయే కాళ్లు భజనకి పోతాయి, ఊళ్లో నిన్నటిదాకా తప్పుకుపోయినవాళ్లు కూడా ఎదురొచ్చి స్వామీ శరణం అంటారు. నన్ను ఏళ్ల తరబడి ఎవరూ అలా పలకరించలేదు. మాల తీసిన రోజు అవన్నీ ఒక్క పూటలో పోతాయి, పాత పేరు, పాత స్నేహితులు, ఆ సాయంత్రం ఆరింటి వేళ మళ్లీ వచ్చేస్తాయి. రెండోసారి మాల తీసినప్పుడు గురుస్వామి నన్ను వదల్లేదు. స్నానం, దీపం ఆపొద్దన్నాడు, శనివారం భజనలో డోలక్ నాకే ఇచ్చాడు. డీ-అడిక్షన్ వార్డులో రాసిన మందులు కూడా వాడాను. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకీ వెళ్లాను, 1935లో అమెరికాలో మొదలైంది, అక్కడా దేవుడి మాటే, ఎవరికి నచ్చిన దేవుడు వాళ్లకి. తొమ్మిదేళ్లయింది. 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఎక్కడ చికిత్స ఉందో చెప్తారు, డబ్బులు పడవు.

వెన్నెల_మెట్లు:
ఒక మాట కలుపుతా. 2001లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో చిన్న పరిశోధన వచ్చింది, 23 మందితో. జపమాల ప్రార్థన గానీ మంత్రం గానీ చదివేటప్పుడు ఊపిరి నిమిషానికి ఆరుసార్లకి నెమ్మదించి, గుండె లయ కుదురుకుంది. అదే 2006లో అమెరికాలో బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద చూస్తే, వేరేవాళ్లు వాళ్ల కోసం ప్రార్థించినందువల్ల తేడా ఏమీ రాలేదు. నేను రోజూ జపం చేస్తాను, థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటాను. ఒకటి చేసే పని రెండోది చేయదు.

గట్టుమీద_ఇల్లు:
అందరికీ చాలా థాంక్స్. మూడోనాటి రాత్రి గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను, మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నిన్న పడిపూజకి వెళ్లినప్పుడు మాత్రల షీటు మా గురుస్వామికి చూపించా. ఆయన నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని "స్వామీ, మందు మానమన్నాం గానీ మందులు మానమనలేదు" అన్నారు. నాన్న కాసేపు తల వంచుకుని, తర్వాత నన్ను మంచినీళ్లు అడిగారు. సోమవారం ఈసీజీకి తీసుకెళ్తున్నా. మాల తీశాక శనివారం భజన సంగతి కూడా గురుస్వామితో మాట్లాడాలి, ఆయన ఇల్లు మాకు రెండు వీధుల అవతలే.