కొత్త రచయితలకు పుస్తకం వేసిపెట్టే పనిని వృత్తిగా చేసుకోవాలంటే ఒప్పందం ఎలా రాసుకోవాలి?

నల్లగొండలో ఉంటూ పిల్లల కథలు రాసి, వాటికి బొమ్మలు కూడా వేసుకునే నేను కొంతకాలంగా కొత్త రచయితల రాతప్రతులను అచ్చుకు సిద్ధం చేసి ఇస్తున్నాను. దేవరకొండ వైపు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రూళ్ల నోటుబుక్కులో, కొట్టివేతలతో, అంచుల్లో చేర్పులతో తెచ్చిన కథలు చదివాక, ఈ ఊళ్ల ముచ్చట్లు ఇదే యాసలో పుస్తకంగా రావాలని గట్టిగా అనిపించింది.

పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది కనుక అక్కడ ఇబ్బంది లేదు. చిక్కంతా హక్కుల దగ్గరే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే దానిని 5 ఏళ్లుగా లెక్కిస్తారు. అయితే ప్రతిఫలం తీసుకొని ఒకరి కోరిక మేరకు వేసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, 17వ సెక్షన్ కింద వేయించుకున్నవారే తొలి హక్కుదారులవుతారు. రచయితపై భారం పడకుండా, నా బొమ్మల హక్కు నా దగ్గరే నిలిచేలా తెలుగులో ఒప్పందం రాసుకున్నవారెవరైనా ఉంటే, అందులోని ముఖ్యమైన షరతులు దయచేసి తెలియజేయగలరా?

అలాగే, ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉన్న ఫైళ్లను, అన్ని కంప్యూటర్లలోనూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు చెదిరి, ప్రతి పేజీనీ మళ్లీ దిద్దవలసి వస్తోంది. ఈ శ్రమకు మీరు పేజీల లెక్కన విడిగా తీసుకుంటారా, లేక మొత్తం రుసుములోనే కలుపుతారా?