నూరినట్టి గాజా, నీరు తగులు గాజా?

నల్లగొండ: ఒక ఆటవెలది పద్యంలో రెండో పాదమో నాలుగోదో, ఒక్కటే గుర్తుంది: “నూరినట్టి గాజు నీడ నిలుపు”. ప్లేటు కెమెరా (ఫిల్ముకు బదులు గాజు పలక పెట్టే పాత కెమెరా) వెనక నల్లగుడ్డ కప్పుకొని మా పెదనాన్న అంటుండేవాడు. మిగతా పాదాలు ఎవరికైనా తెలుసా?

వనపర్తి: ఉన్న పాదానికే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఓ అక్షరం జోడీ కుదరడం) లేదు. ‘నూ’కు ‘నీ’ ఎలా చెల్లుతుంది? ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) అందామంటే రకారానికి డకారం పొసగదు. “నీరు తగులు గాజు నీడ విడుచు” అయి ఉండాలి.

మహబూబ్‌నగర్: నిలుపు కాస్తా విడుచు ఎప్పుడయింది సార్?

వనపర్తి: అర్థం కూడా నిలుస్తుంది. స్నానాల గది గరుకు అద్దాన్ని తడిపి చూడండి, అవతలి మనిషి కనిపిస్తాడు.

మహబూబ్‌నగర్: కనిపిస్తాడు. గాజు వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.5, నీటిది 1.33, గాలిది దాదాపు 1. గరుకు అద్దం మీది సన్నని గుంటల్లో గాలి ఉన్నంతసేపు వెలుగు చెదిరిపోతుంది, నీరు నిండితే ఆ చెదరడం తగ్గుతుంది. కానీ పెదనాన్నగారు అన్న పాదమే నాకు నచ్చింది. కెమెరా వెనక అద్దం గరుకుగా ఉంటేనే బొమ్మ దాని మీద నిలుస్తుంది, అదీ తలకిందులుగా. ‘నూరి’ అన్న మాటా అచ్చంగా సరిపోయింది. ఎమెరీ అనే గట్టి రాతి పొడితో నూరిన గాజును సూక్ష్మదర్శిని కింద పెడితే పెచ్చులు లేచి, అంచులు వాడిగా, సన్నని పగుళ్లతో ఉంటుంది. ఆమ్లం తిన్న గాజులో అంచులు మొద్దుబారి, గుంటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి.

మిర్యాలగూడ: ఆ తేడా చేతికీ తెలుస్తుంది. ఇసుక చిమ్మి కొట్టి గరుకు చేసిన తలుపు అద్దం మీద వేలిముద్ర పడితే ఓ పట్టాన వదలదు, ఆమ్లం పట్టించినదైతే తుడిస్తే పోతుంది. ఆ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజునే కరిగిస్తుంది కనుక ప్లాస్టిక్ డబ్బాల్లో పెడతారు.

గద్వాల: వేమనను మరిచారేమిటి! “చూడ చూడ రుచుల జాడ వేరు”లో ‘చూ’కు ‘జా’తో యతి ఉందా? చూడ, జాడ అని ప్రాసయతి. ఆ లెక్కన మన పాదం “నూరినట్టి గాజు తీరు వేరు”. రకారానికి రకారం అతికింది.

నల్లగొండ: తీరు కాదండీ, నీడే.

వనపర్తి: వేమన పేరిట చలామణి అయ్యే పద్యాల్లో ఏది ఆయనదో తేలకుండా ఆయన్ను సాక్షిగా పిలిస్తే ఎలా?

గద్వాల: ఉప్పు కప్పురం పద్యాన్నే శంకిస్తే ఇక మాట్లాడేదేముంది! దాన్ని మించిన ఆటవెలది ఒకటి చూపండి.

మిర్యాలగూడ: ఇంతకీ ఇక్కడ నీడ అంటే ఛాయా, ప్రతిబింబమా?

వనపర్తి: పాత వాడుకలో రెండూ. గరుకు గాజు మీద పడేది ఆ రెండూ కాదు, కటకం తెచ్చిన బొమ్మ. అందుకే ఇప్పుడు నాకు ఆ నీడ మీదే అనుమానంగా ఉంది.