‘ఆటలో అరటిపండు’ బంతిని ముట్టుకుంటే ఏమనాలి?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర ఊరు. సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడే పిల్లల కోసం రూల్సు తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆడనివాళ్ళు గ్రౌండులోకొచ్చి బంతిని ముట్టుకుంటే ‘జోక్యం’ అని రాశాను. పిల్లలకి ఎక్కలేదు, నాకూ నచ్చలేదు. మొన్న మా అమ్మాయి కొట్టిన బంతి దొర్లుతూ కాలవ గట్టు వైపు పోతోంది. కొబ్బరి దింపు చూస్తున్న ఓ పెద్దాయన గబగబా వచ్చి, కాలితో ఆపి, పాపం అవతలి జట్టు పిల్ల చేతికే ఇచ్చారు. మా అమ్మాయి అప్పటికే రెండో బేసు (బంతి కొట్టాక పరిగెత్తి వరసగా చేరాల్సిన చోట్లలో రెండోది) దాటేసింది. సాయం చేసిన మనిషిని ‘జోక్యం చేసుకున్నారు’ అంటామా? ‘ఆటలో అరటిపండు’ అంటే సరిపోతుందా?

జవాబు: అరటిపండు వద్దమ్మా. ఏడుస్తోందని చంటిదాన్ని చేర్చుకుంటాం, అది ఔటైనా దొంగ పెట్టం. అంటే ఆటలో ఉంటుంది గానీ లెక్కలో ఉండదు. మీ పెద్దాయన ఆటలో లేరు, ఆయన ముట్టుకుంటే మాత్రం లెక్కే.

మనకి ‘అడ్డు’ ఉంది కదా! దూడ బండికి అడ్డొచ్చింది, దానికేం తెలుసు. కొట్లాటలో అడ్డుపడ్డాడు, మంచికే. అడ్డుకున్నాడంటే కావాలనే. ‘అడ్డు తగలడం’లో మాత్రం తెలిసీ తగలొచ్చు, తెలియకా తగలొచ్చు. రూలుకి అదే పెట్టండి. బంతి చేతిలో లేకుండా ఫీల్డరు రన్నర్‌ని ఆపడం వేరే తప్పు, దాన్ని ‘దారి కట్టడం’ అనండి.

బావుందండీ! ఇంకో చిక్కు. పిల్లలు వెంటనే ‘తూచ్, మళ్ళీ కొట్టు’ అంటున్నారు.

జవాబు: తూచ్ కాదు. తూచ్ అంటే జరిగింది చెరిపేయడం. ఇక్కడ బంతి అక్కడికక్కడే ఆగిపోతుంది, అంటే ఆట ఆగినట్టే; అడ్డు తగలకపోతే ఏం జరిగేదో అంపైరు ఆలోచించి బేసులిస్తారు. గాల్లో లేచిన బంతిని ఫీల్డరు పట్టబోతుంటే ప్రేక్షకుడు గ్రౌండులోకి చెయ్యి చాపి చెడగొట్టాడనుకోండి, కొట్టినవాళ్ళు ఔట్. ఫీల్డరే జనంలోకి వంగితే ఆ నష్టం ఫీల్డరుదే. ఎవరు గీత దాటారన్నది చూడాలి. విసిరిన బంతి అంపైరుకి తగిలితే మాత్రం ఆట ఆగదు.

అయితే ఇలా రాస్తున్నా: “బయటివారు అడ్డు తగిలితే బంతి ఆగిపోతుంది. తగలకపోతే ఎక్కడిదాకా పోయేదో అంపైరు చెబుతారు.”

జవాబు: ‘పోయేదో’ అంటే బంతి అనుకుంటారమ్మా. “రన్నర్లు ఎక్కడిదాకా చేరేవారో” అనండి.

మార్చానండీ. మీ లెక్కన మా అమ్మాయికి మూడో బేసు రావాల్సింది. రేపు చెబుతాను.