మనకి నప్పని కెరీర్‌ని పట్టుకుని వేలాడడానికి ఓ సరదా పేరు పెడదామా?

గంటస్తంభం_సెంటర్ (విజయనగరం)

అందరికీ నమస్తే. సూటిగా అడిగేస్తున్నా. మనకి అస్సలు నప్పని కెరీర్ ప్లాన్‌ని, నప్పదని ఇంట్లో ఇరుగుపొరుగులో అందరికీ తెలిసినా సరే, ఏళ్లకేళ్లు పట్టుకుని వేలాడుతుంటారు కదా, దానికి నవ్వొచ్చే పేరు ఏదైనా ఉందా? లేకపోతే మనమే పుట్టిద్దాం. పట్టుదల అంటే మెచ్చుకున్నట్టుంది, మొండితనం అంటే తిట్టినట్టుంది. నాకు కావాల్సింది ఎలాంటి మాటంటే, వినగానే ఎదుటోళ్లకి కోపం రాకుండా ముందు నవ్వు రావాలి, ఆ నవ్వులోనే కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోగలగాలి.

ఇదంతా మా తమ్ముడి గురించి. బీటెక్ సివిల్ అయింది, అయిన దగ్గర్నుంచీ గ్రూప్-2. మొదట విశాఖలో కోచింగ్, తర్వాత ఫ్రెండ్స్‌తో రూము, ఇప్పుడు ఇంట్లోనే. పాలిటీ పుస్తకం తెరిచాడంటే పది నిమిషాలకే మొహం వాడిపోద్ది. అదే పక్కింటోళ్లు కాలిపోయిన టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఇచ్చారనుకోండి, అప్పుడు చూడాలి వాడ్ని, వరండాలో గోనెసంచి పరుచుకుని మోటారు విప్పి, నల్లగా మాడిన రాగితీగ ఒక్కో చుట్టూ ఊడదీస్తూ లెక్క తప్పిపోకుండా గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటాడు, పదేసి గీతలకి ఒక అడ్డగీత, అమ్మ అన్నానికి పిలిచినా వినపడదు. వైండింగ్ షాపు పెట్టుకోరా అంటే మాత్రం "ఇంత చదివి ఇప్పుడు ఒగ్గేమంటావేటక్కా, 42 ఏళ్ల దాకా రాయొచ్చు కదా" అంటాడు. వాడంటే నాకు ప్రాణం. వాడ్ని చిన్నబుచ్చని మాట చెప్పండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

మీ తమ్ముడే చెప్పేశాడు కదండీ పేరు. ఒగ్గేమంటావేటి అన్నాడు కదా, మన వైపు ఒగ్గేయడం అంటే వదిలేయడమే, అదే మరి, ఒగ్గలేమి!

నిద్రలేమి ఉన్నట్టే ఒగ్గలేమి. జబ్బు పేరులా ఉంటది కాబట్టి ఎవర్నీ తిట్టినట్టు ఉండదు. "మీ గుంటడు ఎలగున్నాడమ్మా?" అని ఎవరైనా అడిగితే "కాస్త ఒగ్గలేమి ఉంది పిన్నీ, తగ్గుతాది" అనేయొచ్చు.

రాజాం_అమ్మాయి

ఒగ్గలేమి అదిరింది 😂 నా దగ్గర ఇంకా ఉన్నాయి, మేము నీట్ లాంగ్‌టర్మ్ చదివేటప్పుడు హాస్టల్లో రాత్రి లైట్లు తీసేశాక ఇవే పుట్టించుకునేవాళ్లం.

మొదటిది ఫీజుపాశం. యమపాశం తెలుసు కదా, ఇది దాని చెల్లెలు, నాన్న పొలం కౌలు డబ్బులు తెచ్చి కట్టేశారు కాబట్టి బయాలజీ బుర్రకెక్కకపోయినా కదలకూడదు, కదిలితే మెడకి బిగుసుకుంటాది. ఇంకొక్కసారమ్మ అని ఒకటుంది, ప్రతి ఏడూ "ఇంకొక్కసారి రాస్తానమ్మా, ఇదే ఆఖరు" అనే వాళ్లందరికీ ఇదే పేరు, మగపిల్లలైతే ఇంకొక్కసారయ్య. కోచింగ్‌వాసం అంటే పాండవుల అరణ్యవాసం లాంటిదే గాని వాళ్లకి పన్నెండేళ్లని ఒక లెక్కుంది, మనకి లెక్క లేదు.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం పరకల. పరుల కల అన్నమాట. నాన్నకి డాక్టర్ అవ్వాలని ఉండేది, ఇంట్లో పరిస్థితులు కుదరక అవ్వలేకపోయారు, ఆ కల తీసుకొచ్చి మన దిండు కింద పెట్టారు. మా రూమ్మేట్ ఒకరోజు "ఒసే నీది సొంత కలా, పరకలా?" అని అడిగింది. అప్పుడు నవ్వేశాను గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దసరా సెలవులకి ఇంటికెళ్లి నాన్నని అదే మాట అడిగా, ఆయన కూడా ముందు నవ్వారు, తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు, పొద్దున్న లేచి "సరే నీకేటి చేయాలనుందో చెప్పు" అన్నారు. ఇప్పుడు మగ్గం వర్క్ చేస్తున్నా, పెళ్లిళ్ల సీజన్లో ఊపిరాడదు. కాబట్టి అక్కా, మీరు అడిగిన మాటకి నా ఓటు పరకలకే.

పరుగు_1600

మాటలు బాగున్నాయి, నేనూ నవ్వాను. కానీ ఒక్క విషయం చెప్పాలి, కొంచెం పెద్దదైనా చదవండి. మన జిల్లాల్లో కుర్రాళ్లు పట్టుకుని వేలాడేది అన్నిసార్లూ ఒగ్గలేకే కాదు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ చూడండి, 6,100 పోస్టులు, 2022 నవంబర్లో ఇచ్చారు, 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయింది, మెయిన్స్ 2025 జూన్లో, ఫైనల్ రిజల్ట్ వచ్చేసరికి 2025 ఆగస్టు. ఈ మధ్యలో వాడు ఏం చేయాలి చెప్పండి? 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు పరిగెత్తాలి కాబట్టి ప్రాక్టీసు మానకూడదు, మానితే ఒళ్లు వచ్చేస్తుంది, పనిలో చేరితే తెల్లవారుజామున గ్రౌండ్‌కి రావడం కుదరదు. డీఎస్సీ వాళ్లదీ ఇదే కథ, 2018 తర్వాత మళ్లీ 2025లో 16,347 పోస్టులు పడేదాకా బీఈడీ చేసినోళ్లు ప్రైవేటు స్కూళ్లలో చాలీచాలని జీతాలకి చెప్పుకుంటూ కూర్చున్నారు, వాళ్లలో చాలామందికి టీచర్ ఉద్యోగం నప్పదని ఎవడూ అనలేడు.

అందుకే నప్పనోడికి ఒక మాట, నప్పినా ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయినోడికి ఇంకో మాట ఉండాలి. రెండోదానికి నాది నోటిఫికేషనోపవాసం. ఏకాదశి ఉపవాసం అయితే మర్నాడు పారణ ఉంటది, దీనికి పారణ ఎప్పుడో పంచాంగంలో కూడా ఉండదు. దయచేసి ఈ రెండింటినీ కలిపేయకండి, ఉపవాసం ఉన్నోడ్ని పట్టుకుని నీకు ఒగ్గలేమి అంటే మాత్రం వాడు తట్టుకోలేడు.

టెక్కలి_మాస్టారు

పరుగు బాబు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ తేడా అందరూ గుర్తుపెట్టుకోవాలి.

రాజాం అమ్మాయి చెప్పిన ఫీజుపాశం ఉంది చూశారూ, దాన్ని సైకాలజీ వాళ్లు పరీక్ష చేసి మరీ చూశారు. ఆర్క్స్, బ్లూమర్ అని ఇద్దరు అమెరికాలో 1985లో ఒక పేపర్ వేశారు. ఒక యూనివర్సిటీ నాటకాలకి సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినోళ్లలో కొందరికి పూర్తి ధరకి, కొందరికి ఏ కారణం లేకుండానే డిస్కౌంట్‌లో ఇచ్చారు. నాటకాలు అందరికీ అవే. కానీ సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినోళ్లే ఎక్కువ నాటకాలకి వచ్చారు. ఎక్కువ కట్టాం కాబట్టి కదల్లేకపోవడం, అంతే. దీన్ని సంక్ కాస్ట్ అంటారు, పుస్తకాల భాషలోకి దించితే ఏదో నోరు తిరగని సమాసం వస్తుంది, జనం మాట్లాడే మాటే రాతలోకి రావాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే పుట్టారు, కాబట్టి ఫీజుపాశమే ఖాయం చేసేద్దాం.

నాదొక చేర్పు. అందరూ వేలాడడానికే పేర్లు పెడుతున్నారు, వదిలి బయటికొచ్చేదానికి పేరు లేదు, ఉన్నవన్నీ మానేశాడు, చేతులెత్తేశాడు, మధ్యలో వదిలేశాడు, వినడానికే బాగోవు. పలాస వెళ్లాల్సినోడు ఆమదాలవలసలో పొరపాటున విశాఖ బండెక్కితే పొందూరులో దిగిపోవాలి, టికెట్ డబ్బులు పోతాయని విజయనగరం దాకా కూర్చుంటే పలాస దగ్గరవుతుందా? ఆ దిగడానికి కూడా గుండె కావాలి. దానికి నేను పెట్టిన పేరు దిగుడుధైర్యం. మా పాత విద్యార్థి ఒకడు ఇంజనీరింగ్ మధ్యలో ఆపేసి విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్‌కి చేరాడు, 1919లో కాలేజీ పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిన చోటు అది. వాళ్ల వీధిలో అందరూ "చదువు మానేశాడు" అన్నారు. నేను మాత్రం వాళ్లమ్మతో "మీవాడికి దిగుడుధైర్యం ఉందమ్మా" అన్నాను, ఆవిడ ఆ మాట ఇంకో నలుగురికి చెప్పుకుంది.

గంటస్తంభం_సెంటర్ (విజయనగరం)

మాస్టారూ, అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అన్నాల దగ్గర ఒగ్గలేమి అని వదిలా, అమ్మకి పొలమారిపోయింది నవ్వి. వాడు కూడా నవ్వాడు, నవ్వి "అక్కా నాది ఒగ్గలేమి కాదు, ఫీజుపాశం, కట్టింది నాన్న కదా" అన్నాడు. ఈ విషయం వాడి నోటంట వినడం ఇదే మొదటిసారి. నాన్న పప్పు వడ్డించుకుంటూ "నేనెప్పుడైనా ఆ డబ్బులు అడిగానేట్రా" అన్నారు. ఇంక ఎవరూ ఏం అనలేదు గాని వాడు నాన్న పక్కకి జరిగి కూర్చున్నాడు.

చీపురుపల్లి_బావ

ఇవన్నీ చదివాక ఆగలేక రాస్తున్నా. మాట దొరికింది కదా, ఇప్పుడు పని చూడండి. మా మేనమామకి ఇక్కడ మోటార్ వైండింగ్ షాపుంది, బోరు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు అన్నీ కడతాడు, ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన మోటార్లు షాపు బయట వరస కడతాయి, చెయ్యి సాయానికి మనిషి దొరకడం లేదు. మీ తమ్ముడ్ని కొన్నాళ్లు వచ్చి కూర్చోమనండి. గ్రూప్-2 పుస్తకాలు కూడా తెచ్చుకోమనండి, ఎవరూ ఏమీ అనరు, పని లేనప్పుడు చదువుకోవచ్చు. నచ్చితే అప్పుడు సొంత షాపు సంగతి, చిన్న వ్యాపారాలకి గవర్నమెంటు పెట్టిన ముద్ర లోన్లలో శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా లోను అడగొచ్చు, మొదట్లో పనిముట్లకీ రాగితీగకీ అది ఉపయోగపడుతుంది. నచ్చకపోతే బండెక్కి ఇంటికొచ్చేయడమే.

గంటస్తంభం_సెంటర్ (విజయనగరం)

షాపు ఎక్కడండీ, స్టేషన్ వైపా, మెయిన్‌రోడ్డు మీదా? వాడు పక్కనే కూర్చుని అడగమంటున్నాడు.